గేర్లాయన వెనక సీటు

“ఇంకొక్కసారి తాళం తిప్పావంటే చెయ్యి విరుస్తాను. దిగు ముందు!” అంది పెద్దకూతురు.

తమ్ముడు దిగలేదు. పొద్దుటినుంచీ అదే పని. తాళం తిప్పడం, కాలితో యాక్సిలరేటరు టపటపా తొక్కడం, కారు దగ్గి ఊరుకోవడం. షెడ్డంతా పెట్రోలు కంపు. గేటు పక్కన పాత ఇనుము వ్యాపారి లారీ ఆపుకుని, తలుపుకి ఆనుకుని టీ తాగుతున్నాడు. నెల క్రితం పోయిన తండ్రి కారుని తూకానికి వేసి పట్టుకుపోవడానికి వచ్చాడతను. నడవని బండి ఇంట్లో ఎందుకన్నది తమ్ముడి వాదన. లారీ కదిలేలోపు స్టార్టు చేసినవాళ్ళదే కారు అని ఆవిడ నిన్న పంతం పట్టింది. సరేనన్నవాడు, పందెం తనే ముందు ఆడాలని పొద్దున్నే వచ్చి కూర్చుని ఇంజన్‌కి ముక్కులదాకా పెట్రోలు పట్టించాడు.

“నాకు నేర్పిందే నాన్న అక్కా, నాకు తెలీదా?”

“నేర్పాడు. నేర్చుకున్నదెవరు? లేవరా!”

వాడు లేచాడు. ఆవిడ కూర్చుని, ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ పట్టించే చోకు బొత్తాం లోపలికంటా నొక్కేసింది. హెడ్‌లైట్లు వేసి చూస్తే గుడ్డి దీపాల్లా ఉన్నాయి. బ్యాటరీలో ఇంకొక్క ప్రయత్నానికే శక్తి ఉంది. తడిసిన ప్లగ్గులు ఆరాలంటే పది నిమిషాలు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. ఆ సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

కారు పిచ్చి చూసి వీధిలో అందరూ తండ్రిని గేర్లాయన అనేవారు. కుళాయిలూ గొట్టాలూ అమ్మే కొట్టు ఆయనది. సైకిలుకి గొట్టాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగిన మనిషి, సొంత ఇల్లు కట్టుకోకముందే ఈ కారు కొన్నాడు. అప్పటికే ఇద్దరి చేతులు మారిన బండి. అద్దె ఇంట్లో వంటగది కప్పు కారుతుంటే, కారు మీద మాత్రం కొత్త రేకులు వేయించాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అని చుట్టాలు నవ్వారు. ఆయన లెక్క చేస్తేగా! ఎవరింట్లో కుళాయి కారినా సాయంత్రానికి చూద్దాం అనేవాడు, కారు మీద పిట్ట రెట్ట వేస్తే మాత్రం అన్నం ముందునుంచి లేచి వెళ్ళేవాడు.

అలాగని ఇల్లు పట్టని మనిషా అంటే, అదీ కాదు. అదే ఆవిడ కోపానికి అసలు మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. భార్యకి ఆపరేషనైతే తొమ్మిది రోజులు ఆసుపత్రి ఆవరణలో ఈ సీట్లోనే కూర్చుని నిద్రపోయాడు. పిల్లల పరీక్షలంటే కొట్టు కట్టేసి బడి బయట కారులో కాచుకున్నాడు. వెనక పిల్లలు నిద్రపోతుంటే, బ్రేకు వేసిన సంగతి కూడా తెలియనంత మెత్తగా ఆపేవాడు.

గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టడం ఆయన అలవాటు. అమ్మ పొయ్యి మీద పాలున్నా, తలస్నానం చేస్తున్నా, కొంగు చుట్టుకుని పరుగెత్తేది. బయటికెళ్ళేటప్పుడూ అంతే. ఆయన కారు వీధిలోకి తీసి హారన్ కొడితే, అమ్మ గేటు వేసి, పరుగున వచ్చి ఎక్కేది. ఈ గేటు తీయడానికే పుట్టిందా మా అమ్మ అని పెద్దకూతురు పదేళ్ళప్పుడే అడిగింది. అందరూ నవ్వారు.

పద్దెనిమిదేళ్ళప్పుడు నాకూ నేర్పు నాన్నా అంది. “వెనక సీటు మహారాణులదమ్మా” అన్నాడు. కొట్లో గుమస్తాకి నేర్పాడు. పక్కింటాయన బావమరిదికి నేర్పాడు. కారంటే ఆవలించే కొడుకుని బతిమాలి మరీ నేర్పాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, ఆ చెట్టు ఆవిడ. అమ్మ సీటు వెనక కూర్చుంటే ఏటవాలుగా ఆయన చేతులూ కాళ్ళూ రెండూ కనిపించేవి. కిటికీలోంచి ఊరు చూడాల్సిన వయసంతా ఆ పాదాలు చూస్తూ గడిపింది.

ముప్పై ఏళ్ళొచ్చాక డబ్బు కట్టి డ్రైవింగు నేర్చుకుంది. సొంత జీతంతో చిన్న కారు కొని గుమ్మం ముందు ఆపింది. ఆయన చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. “గాలి తక్కువుంది” అని లోపలికెళ్ళిపోయాడు. పోయేదాకా అందులో ఒక్కరోజూ ఎక్కలేదు.

“అమ్మా, ఇంకెంతసేపు? నాకు ఇంకో బేరం ఉంది,” అన్నాడు వ్యాపారి.

“అయితే వెళ్ళవయ్యా, నిన్నెవరు కట్టేశారు?” అని కసిరిందావిడ.

పది నిమిషాలయ్యాయి. యాక్సిలరేటరుని నేలకంటా తొక్కి అలాగే పట్టి ఉంచింది. తాళం తిప్పింది. ఇంజన్ మూలిగింది, నీరసపడింది, ఇక ఆగిపోతుందనగా ఒక్కసారి తుమ్మి, గుప్పున నల్లటి పొగ వదిలి అందుకుంది. ఆవిడ మెల్లగా కాలు పైకి తీసింది. చప్పుడు కుదుటపడింది. వ్యాపారి మిగిలిన టీ పారబోసి లారీ ఎక్కాడు.

తల్లి గుమ్మంలోంచి దిగి కిటికీ దగ్గరికొచ్చింది.

“మీ నాన్న అనేవారే,” అంది. “పెద్దదానికి నేను నేర్పేదేముంది, వెనక కూర్చుని చూసే నా పనితనమంతా లాగేసుకుంది, నాకంటే బాగా నడుపుతుంది అని.”

“ఎవరితో అనేవాడు?”

“అందరితోనూ. కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ.”

“నాతో తప్ప!” అని అరిచింది పెద్దకూతురు. “ఒక్కసారి నాతో అంటే ఆయన సొమ్మేం పోయేది? ఊరందరి చెవుల్లో ఊదిన మనిషికి నా చెవి కనపడలేదా?” అంటూ స్టీరింగు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. హారన్ రెండుసార్లు మోగింది.

తల్లి కొంగు నడుముకి చుట్టుకుంటూ గేటు వైపు పరుగెత్తింది. సగం దూరం వెళ్ళాక ఆగింది. ఎందుకు పరుగెత్తిందో ఆమెకే తెలియలేదు. అక్కడే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

పెద్దకూతురికి ఆ ఏడుపు చూస్తే తండ్రి మీదున్న కోపం ఇంకో రెండింతలైంది. వంగి పక్క తలుపు తీసింది.

“నువ్విటు రా అమ్మా. కూర్చో. ఒరేయ్, నువ్వెళ్ళి గేటు తియ్యి. మేం వెళ్ళాక వెయ్యి.”

వాడు వెళ్ళి గడియ తీశాడు. తల్లి కళ్ళు తుడుచుకుని, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి ఎక్కింది. కారు కదిలింది. అది కొన్న ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె కారులో కూర్చుని ఇంటి గేటు దాటడం అదే మొదటిసారి.