వదిన లేని పుస్తకం

నాయకత్వం గురించి, వ్యాపారంలో గెలుపు గురించి నేను నాలుగు పుస్తకాలు రాశాను. ఒక్కదాని మీదా నా పేరు లేదు. అందులో ఒక పుస్తకం విషయంలో మాత్రం పేరు లేకపోవడమే నయమనిపిస్తుంది. దాంట్లో ఉండాల్సిన మనిషిని నా చేతులతో నేనే తీసేశాను.

అంతకు ముందు నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోయి ఆ పోస్టే ఎత్తేశారు. విజయవాడ భవానీపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే పబ్లిషరు గారికి ఎవరో నా సంగతి చెబితే కబురు పెట్టారు.

"పైకొచ్చినవాళ్ళు మన వైపు బోలెడుమంది ఉన్నారమ్మా. వాళ్ళకి చెప్పాలని ఉంటుంది, రాయడం రాదు. మీరు కూర్చుని వినండి, రాసిపెట్టండి. పుస్తకం వాళ్ళ పేరు మీద వస్తుంది," అన్నారు.

ఒప్పుకున్నాను. ఎలా రాయాలో తెలియక, అప్పటికే బజార్లో ఉన్న వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఓ సంచీ నిండా తెచ్చుకుని చదివాను. అన్నిట్లోనూ ఒక్కడే మనిషి. కింద పడతాడు, లేస్తాడు, నిర్ణయం తీసుకుంటాడు, గెలుస్తాడు. మిగతావాళ్ళంతా అతన్ని అనుమానించడానికో, ఆఖర్న చప్పట్లు కొట్టడానికో వస్తారు. ఈ పని నాకు కష్టమేం కాదనుకున్నాను. మొదటి రెండు పుస్తకాలూ అలాగే రాశాను కూడా.

మూడోది కొల్లేటి వైపు నుంచి వచ్చిన ఒక చేపల వ్యాపారిది. వాళ్ళ తాతలు సరస్సులో వలలేసుకుని బతికారు. ఈయన చెరువుల దగ్గర బొచ్చె, శీలావతి చేపలు కొని, ఐసు వేసి, లారీల్లో వేరే రాష్ట్రాలకి పంపేంత పెద్దవాడయ్యారు. విజయవాడలో ఆఫీసు పెట్టారు. మంచి మనిషి, కానీ మాటకారి కాదు. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి బల్ల మీద పెట్టగానే బిగుసుకుపోయేవారు. మూడుసార్లు కూర్చున్నా పదిహేను పేజీల సరుకు కూడా రాలేదు.

"నాకివన్నీ గుర్తుండవు మేడమ్," అన్నారు చివరికి. "మా వదిన దగ్గరికి వెళ్ళండి. మా అన్నయ్య పోయాక నన్ను పెంచింది ఆవిడే, వ్యాపారంలో దింపిందీ ఆవిడే. ఆవిడకి తెలియనిది లేదు."

కైకలూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో చెరువు గట్ల మధ్యగా వాళ్ళ ఊరు వెళ్ళాను. వదినగారికి డెబ్బై దాటాయి. కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వరండాలో నాకు కుర్చీ వేయించి, తను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. నేనూ కింద కూర్చోబోతే ఒప్పుకోలేదు.

"నా గురించి ఏముందమ్మాయ్, మా మరిది గురించి అడుగు," అన్నారు. అడిగాను. మధ్యాన్నం భోజనం కూడా అక్కడే చేసి, సాయంత్రం దాకా విన్నాను.

భర్త పోయాక ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని కైకలూరు మార్కెట్టుకి వెళ్ళేవారట. ఈయన పక్కన నడిచేవారట. మొప్ప ఎత్తి చేప ఎప్పటిదో చెప్పడం ఆయనకి నేర్పింది ఆవిడ. ఆయన చేత సొంతంగా చేప కొని పంపడం మొదలుపెట్టించి, మొదటి షెడ్డు దగ్గర కూర్చుని సరుకు దింపించుకున్నదీ ఆవిడే. అన్నిటికంటే నేను నోరు తెరుచుకుని విన్నది గాలివాన సంగతి.

"రోడ్డు తెగిపోయింది. లారీలు రావు. ఐసు ఫ్యాక్టరీకి కరెంటు లేదు. షెడ్డు నిండా చేప. మావాడు మెట్ల మీద కూలబడి, కాలవలో పారబోయించెయ్ వదినా, ఇంక నావల్ల కాదు అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చాను." చెబుతూ ఆవిడ నవ్వేశారు. "పెళ్ళైనవాణ్ణి కొట్టాను చూడు! లేచాడు మరి."

తర్వాత ఆవిడ వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలిచారు. ఎవరి కత్తిపీట వాళ్ళు తెచ్చుకున్నారు. చేప చీల్చి, కడిగి, ఉప్పు పట్టించి, టార్పాలిన్ బరకాలు కప్పి పెట్టారు. వాన వెలిశాక ఎండబెట్టారు. సగం సరుకు దక్కింది. ఆ మర్నాడు మరిదిని వెంటబెట్టుకుని చెరువు రైతులందరి ఇళ్ళకీ నడిచివెళ్ళి, జరిగింది జరిగినట్టు ఆయన నోటితోనే చెప్పించారు. ఆ తర్వాత రైతులెవరూ ఆయన్ని వదిలి వేరేవాళ్ళకి చేప ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఏడో అధ్యాయంగా అదంతా రాశాను. నేను రాసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

ప్రూఫులు చూసి పబ్లిషరు గారు, "లావైపోయిందమ్మా, ముప్ఫై పేజీలు తగ్గించండి," అన్నారు. ఏ పేజీలో ఆయన చెప్పలేదు. నేను మొదట్నించీ మళ్ళీ చదువుకుంటూ వచ్చాను. ఆవిడ ఉన్న ప్రతిచోటా ఈయన చిన్నవాడైపోతున్నారు. నాయకత్వం పుస్తకంలో నాయకుడు చెంపదెబ్బ తిని లేవడమేమిటనిపించింది. ఎవరూ అనలేదు ఆ మాట. నాకే అనిపించింది.

తట్ట తీసేశాను. మొప్పలు తీసేశాను. గాలివాన మాత్రం ఉంచి, ఇలా మార్చాను: "ఆ ఉదయం షెడ్డు మెట్ల మీద నిలబడి నేనొక నిర్ణయం తీసుకున్నాను." కత్తిపీటలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు "మా సిబ్బంది" అయ్యారు. వదిన పేరు ఎక్కడా లేకుండా పోయింది. కాగితాలు వ్యాపారిగారికి పంపితే, చూశామని రెండో రోజే ఆయన ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

ఆవిష్కరణ విజయవాడలోనే, ఒక ఏసీ హాల్లో జరిగింది. ఊరి నుంచి వ్యానులో జనం వచ్చారు. ఆవిడ మంగళగిరి నేత చీర కట్టుకుని రెండో వరసలో కూర్చున్నారు. సభ అయ్యాక పుస్తకం రెండు చేతుల్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"నేను ఏ పేజీలో ఉన్నానమ్మాయ్?"

ఆవిడకి చదువు రాదు. చుట్టూ ఫొటోలు తీసుకునే హడావుడి. నిజం చెప్పడానికి అదా సమయం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"ఏడో అధ్యాయంలో, పెద్దమ్మగారూ."

"గుర్తు పెట్టివ్వమ్మా. ఇంటికెళ్ళి మా కోడలి చేత చదివించుకుంటాను."

నేను పుస్తకం తీసుకుని, ఏడో అధ్యాయం మొదటి పేజీ మూల మడిచి ఇచ్చాను. ఆవిడ నా బుగ్గ పుణికి వెళ్ళిపోయారు.

రెండు నెలల తర్వాత కోడలు ఫోన్ చేసింది.

"మేడమ్ గారూ, అత్తయ్య రోజూ సాయంత్రం నాచేత ఆ పుస్తకం చదివించుకుంటున్నారండీ. మీరు మడిచిన చోట ఆవిడ గురించి లేదంటే మొదట్నించీ చదవమన్నారు. అదైపోయింది. ఇప్పుడు రెండోసారండీ. నేనే పేజీలు వదిలేస్తున్నానని కోప్పడుతున్నారు. ఎక్కడుందో కాస్త చెబుతారా?"

ఫోన్లో ఏం చెప్పను? వస్తున్నానన్నాను. మొదట రాసిన ఏడో అధ్యాయం ప్రింటు తీయించుకుని మర్నాడే బస్సెక్కాను.

ఈసారి నేను కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చుని చెప్పేశాను. "పుస్తకంలో మీరు లేరండీ. రాశాను, తర్వాత తీసేశాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ నా చేతిలో ఉన్న కాగితాల వైపు చూశారు. తర్వాత అడిగారు.

"ఎవరు తీయమన్నారు? మావాడా?"

"కాదండీ. ఆయనకి తెలియను కూడా తెలియదు. నేనే."

"నిజం చెబుతున్నావా?"

"నిజమండీ."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "అట్టాగా. వాడు అట్టాంటివాడు కాదు," అన్నారు. ఆ మాట నాతో అన్నారో, తనకి తాను చెప్పుకున్నారో తెలియలేదు. "వాడే తీయించాడేమో అనుకున్నానమ్మాయ్. పెద్దవాడయ్యాడు, తట్ట మోసిన వదినని చెప్పుకోవడానికి సిగ్గేమో అనుకున్నాను. మొన్న వస్తే తలనొప్పని లోపల పడుకున్నాను. గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయాడు," అన్నారు.

నేను తీసేసింది ముప్ఫై పేజీలే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. నన్ను తిట్టి ఉంటే ఎంతో తేలికయ్యేది. తిట్టలేదు. కోడలికి చెప్పి టీ పెట్టించారు.

తెచ్చిన కాగితాలు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. గాలివాన దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు.

"ఉప్పు నాది కాదు. అంత ఉప్పు నా దగ్గరెక్కడిది? ఊరగాయలకి దాచుకున్న కల్లుప్పు ఎవరింట్లోది వాళ్ళు తెచ్చారు. వాళ్ళ పేర్లు రాయవూ?"

ఒక్కొక్కరి పేరూ చెప్పారు, ఏ ఇంటావిడో, ఎవరి కోడలో. కాగితం వెనక రాసుకున్నాను. పదకొండు పేర్లయ్యాయి. వాళ్ళలో కొందరు పోయారట. "పోయినవాళ్ళవి కూడా రాయి," అన్నారు.

విజయవాడ వచ్చి ఆయన్ని కలిశాను. చెబితే నిజంగానే ఆశ్చర్యపోయారు.

"వదిన లేదా అందులో? నేను పూర్తిగా చదవలేదు మేడమ్. మావాళ్ళు చూశామన్నారు. అయ్యో! మళ్ళీ వేసినప్పుడు పెట్టేద్దాం, తప్పకుండా." ఆ సాయంత్రమే ఆయన ఊరెళ్ళారని తర్వాత తెలిసింది. వదినా మరిదీ మళ్ళీ మామూలుగా మాట్లాడుకున్నారు. అది నా గొప్పేమీ కాదు.

మళ్ళీ వేయడమనేది జరగలేదు. మొదటిసారి వేసినవే ఆయన ఆఫీసులో మెట్ల కింద కట్టలు కట్టలుగా ఉండిపోయాయి. పబ్లిషరు గారికి రెండుసార్లు గుర్తుచేశాను. "ఉన్నవి అవనివ్వండమ్మా," అన్నారు. ఈలోగా నాకు నాలుగో పుస్తకం వచ్చింది, ఒక హాస్టళ్ళ యజమానిది. ఆ పనిలో పడి అడగడం మానేశాను. విడిగా ఓ చిన్న పుస్తకంగానైనా వేయించి ఆవిడ చేతిలో పెట్టి ఉండొచ్చు. అదేమంత పెద్ద పని? ఈ మాట ఇప్పుడు అనుకుంటున్నాను.

పోయిన వానాకాలంలో ఆవిడ పోయారు. కోడలు ఫోన్ చేసి చెబితే పెద్దకర్మకి వెళ్ళాను. షామియానా కింద ఊరంతా భోజనాలు చేస్తోంది. తిని వెళ్ళేవాళ్ళకి గేటు దగ్గర ఆఫీసు మనుషులు ఆవిడ ఫొటో అతికించిన కవరొకటి ఇస్తున్నారు. లోపలికి వెళ్తుంటేనే నాకూ ఒకటిచ్చారు. తెరిచి చూస్తే అందులో ఆ పుస్తకమే ఉంది.

ఆయన ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో నా దగ్గరికి వచ్చారు.

"వదినకి ఈ పుస్తకమంటే ప్రాణం మేడమ్. రోజూ సాయంత్రం చదివించుకునేదంట. అందుకే అందరికీ ఇద్దామనిపించింది."

పక్కన కోడలు నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆవిడ ఎందుకు చదివించుకున్నారో మా ఇద్దరికీ తెలుసు. పుస్తకంలో వదిన లేదని ఆయనకీ ఒకప్పుడు చెప్పాను, అంత దుఃఖంలో మరిచిపోయినట్టున్నారు. గుర్తు చేయాలా? నోటిదాకా వచ్చింది.

"అవునండీ," అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "అంతా మీ చేతి చలవే మేడమ్," అన్నారు. కాదనలేకపోయాను. భోజనం చేసి వెళ్ళమంటే చేసి, బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను.