ఏడో మనిషి లింబాద్రి

లింబాద్రికి ఊళ్లు మట్టిని బట్టి గుర్తుంటాయి. సిరికొండది ఎర్రమట్టి, అందులో సన్నటి మొరం. మోకాళ్ల మీద పడితే తోలు లేచిపోయేది. డిచ్‌పల్లి దగ్గర నల్లరేగడి. నీళ్లు కాస్త ఎక్కువ చల్లారంటే అరికాళ్లకు అట్టలు కట్టి అడుగు కదలనిచ్చేది కాదు. అన్నిటికంటే మెత్తనిది మెండోర. ప్రాజెక్టు పక్క ఊరు కాబట్టి అక్కడి పిల్లలు ట్రాక్టరు మీద వండ్రుమట్టి తెచ్చి, రాళ్లు ఏరి, కోర్టు నిండా పరిచేవాళ్లు. అందులో పడితే పరుపు మీద పడ్డట్టుండేది.

ఈ మట్టి రకాలన్నీ అతనికి సేద్యం చేసి తెలిసినవి కావు. ఇరవై ఏళ్లు ఆ ఊళ్లన్నిటి తరఫునా కబడ్డీ ఆడాడు. కూతకు పోయి, తొడ చరిచి, జనం చేత ఈలలు వేయించుకున్న ఆటగాడు కాదు. ఎడమ మూలన నడుం వంచి నిలబడి, కూతకు వచ్చినవాడి మడమ దొరకబుచ్చుకోవడమే అతని పని. కార్నర్ అంటారు దాన్ని. కూతకు పోయేవాడి పేరు జాతర మొత్తం తెలుస్తుంది. కార్నర్ పేరు తనను పిలిచిన జట్టుకు తెలిస్తే గొప్ప.

ఇప్పుడు లింబాద్రికి యాభై దాటాయి. ఆర్మూరులో ఒక ఆసామి దగ్గర పసుపు ఉడికించే బాయిలర్ నడుపుతున్నాడు. పసుపు తవ్వే రోజులొస్తే బాయిలర్‌ను ట్రాక్టరుకు తగిలించి ఊరూరా తిరుగుతాడు. భార్య యమున కూడా వెంట వస్తుంది, ఉడికిన కొమ్ములను కల్లంలో ఆరబోసే ఆడవాళ్లతో పనికి. ఏ ఊరు పోయినా నెరిసిన మీసాలవాడొకడు ఎదురుపడి, "నువ్వు మా టీముకు ఆడినవు గదా?" అంటాడు. లింబాద్రి అతని ముఖం చూసి కాకుండా ఊరిని చూసి, "అవునన్నా, మీ కోర్టు బడి వెనుక ఉండె," అని జవాబు చెబుతాడు.

ఆట మొదలైందే విచిత్రంగా. తండ్రి గంగారాం రెండెకరాల్లో పసుపు, మక్క వేసేవాడు. పొలం పని అయ్యాక సాయంత్రాలు లింబాద్రి ఆర్మూరు జట్టు సాధన చేసేచోట నిలబడేవాడు. ఆ జట్టు నాయకుడు నరహరి. పొడుగ్గా, బక్కగా, కూత పెడితే జనం ఊపిరి బిగబట్టి చూసేటంత ఆటగాడు. లింబాద్రి ధైర్యం చేసి ఒకనాడు తననూ జట్టులో చేర్చుకొమ్మని అడిగితే నరహరి నవ్వాడు.

"కార్నర్లు మాకు మస్తుగున్నరురా. కూతకు పోయెటోడు ఉంటె జెప్పు."

ఆ ఏడాదే ఆర్మూరులో టోర్నమెంటు పెట్టారు. మెండోర జట్టు వచ్చింది గానీ వాళ్ల కార్నర్‌కు జ్వరమొచ్చి ఇంట్లో పడుకోవాల్సి వచ్చింది. ఆరుగురే మిగిలారు. మెండోర నాయకుడు రాజేశ్వర్ కోర్టు చుట్టూ నిలబడ్డ పిల్లలను చూస్తూ, "ఎవలన్న ఆడుతర్రా?" అని అరిచాడు. లింబాద్రి చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. జ్వరమొచ్చినవాడి బనియనే తొడిగారు. అది మోకాళ్ల దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆర్మూరు జట్టుతోనే ఆట పడింది. నరహరి ఆ మూలన ఉన్నది కొత్త పిల్లవాడేనని అలుసుగా కాలు చాపాడు. లింబాద్రి రెండు చేతులూ ఆ మడమ చుట్టూ బిగుసుకున్నాయి. నరహరి ఎంత గుంజినా, ఈడ్చినా, నోట్లోకి మట్టి పోయినా వదల్లేదు. కూత ఆగింది.

"ఆర్మూరోడివై మెండోర దిక్కు ఆడితివి గదరా!" అన్నాడు నరహరి లేస్తూ. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

అప్పటినుంచీ అతని బతుకు అలాగే సాగింది. ఏ జట్టులోనైనా మనిషి తక్కువైతే, "ఆర్మూర్ల లింబాద్రి ఉన్నడు, పిలువుండ్రి," అనేవాళ్లు. కబురు అందగానే సంచి భుజానేసుకుని బస్సెక్కేవాడు. సిరికొండ నీలం, డిచ్‌పల్లి ఆకుపచ్చ, మెండోర ఎరుపు, వీపు మీద ఎప్పుడూ ఇంకెవరి పేరో. గెలిస్తే ఒకచోట మేకపోతు ఇచ్చేవాళ్లు, ఒకచోట గోడ గడియారం. మేకపోతును అక్కడికక్కడే కోసి వండేవాళ్లు. ముందురోజు దాకా ముఖాలు తెలియని ఏడుగురు ఒకే విస్తరాకుల బంతిలో కూర్చుని తినేవాళ్లు. ఆ కూర రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదంటాడు లింబాద్రి. ఒంట్లో నొప్పులుండి తింటే ఆకలి వేరుగా ఉంటుందట.

ఒకసారి జిల్లా జట్టుకు కూడా ఎంపికయ్యాడు, కాకపోతే అదనపు ఆటగాడిగా. రాష్ట్ర పోటీల్లో మూడు రోజులూ గట్టు మీదే కూర్చున్నాడు. అసలు కార్నర్‌కు చిటికెన వేలు కూడా బెణకలేదు. జిల్లా పేరు రాసి ఉన్న ట్రాక్ సూటు మాత్రం మిగిలింది. అది వేసుకుని ఆర్మూరు బస్టాండులో దిగిన రోజు ఎవరైనా అడుగుతారేమోనని ఇంటికి దూరపు దారిన నడిచి వెళ్లాడు. ఎవరూ అడగలేదు. ఆ సూటు చాలా ఏళ్లు బతికి, చివరికి యమున చేతిలో పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డ అయింది.

యమున అతని ఆటను ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్లు టోర్నమెంట్లకు పోయే రోజులు కావవి. ఆమెకు తెలిసిందల్లా తిరిగొచ్చిన మనిషి వాచిన వేళ్లూ, గీరుకుపోయిన మోచేతులే. వేడి నూనెలో పసుపు కలిపి పట్టు వేస్తూ దెప్పేది.

"ఊరూరు తిరిగి ఎవలెవల కాళ్లు మొక్కొస్తివయ్యా ఇయ్యాల?"

"ఊకె మొక్కుతనా? మొక్కి పండవెడ్త," అనేవాడు లింబాద్రి.

తర్వాత మ్యాట్లు వచ్చాయి. పట్నంలో ఒక టోర్నమెంటుకు పోతే మట్టే లేదు. కోర్టంతా రబ్బరు పరిచి ఉంది. బూట్లు వేసుకోవాలన్నారు. లింబాద్రి ఇన్నేళ్లూ కాలివేళ్లను మట్టిలోకి దిగ్గొట్టి నిలబడ్డవాడు. బూట్లలో ఆ వేళ్లకు పట్టుకోవడానికేమీ దొరకలేదు. మడమ కోసం దూకితే జారి గీత అవతలికి పోయాడు. రెండోసారి దూకితే ఓ కుర్రాడు అతని మీదినుంచి ఎగిరి వెళ్లిపోయాడు. ఆట అయ్యాక అద్దె బూట్లు దులిపి తిరిగిచ్చేసి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాడు. మళ్లీ పిలుపు వస్తే, "ఇంకెవలనన్న సూసుకోండ్రన్నా," అన్నాడు. అలా ఆగిపోయింది.

ఈ సంవత్సరం జనవరిలో బాయిలర్ మెండోరలో ఉంది, రాజేశ్వర్ పొలంలోనే. ఆ ఊరి యువకులు ఇరవై ఆరో తారీఖున మట్టి మీద టోర్నమెంటు పెట్టారు. ముందుగా పాత ఆటగాళ్లకు సరదాగా ఒక ఆట పెడదామన్నారు, మెండోరకూ ఆర్మూరుకూ. రెండు రోజుల ముందు నరహరి ఫోన్ చేశాడు. ఇప్పుడతనికి ఆర్మూరులో ఎరువుల దుకాణముంది, దానికి తగ్గ పొట్ట కూడా ఉంది.

"లింబాద్రీ, గీసారి మన ఆర్మూరుకు ఆడాలెరా నువ్వు. జెర్సీ కుట్టిచ్చిన."

ఫోన్ పెట్టాక లింబాద్రి బాయిలర్ మంటలో కట్టె వేయడమే మరిచిపోయాడు. యమున వచ్చి, "ఏమైందయ్యా?" అని అడిగితే, "ఆర్మూరు టీముకు పిలిచిండ్రు," అన్నాడు. యమున దెప్పలేదు.

ఆట రోజు పసుపుపచ్చ జెర్సీ ఇచ్చారు. గుండె మీద ఆర్మూర్ అని రాసి ఉంది. లింబాద్రి తొడుక్కుని, అక్షరాల మీద ముడతలను చేత్తో సాఫు చేసుకున్నాడు. కల్లం నుంచి వచ్చిన ఆడవాళ్లతో యమున ట్రాక్టరు ట్రాలీలో నిలబడి చూస్తోంది. ఇంతలో అవతలి పక్క గొడవ వినిపించింది. మెండోర కార్నర్‌కు షుగర్ పడిపోయి కళ్లు తిరిగాయట. అతన్ని మంచమ్మీద కూర్చోబెట్టి చక్కెర నీళ్లు తాగిస్తున్నారు.

"ఏం ఫికర్ లేదు, ఆర్గురమే ఆడుతం," అన్నాడు రాజేశ్వర్.

లింబాద్రి తన జట్టును చూశాడు. తనతో కలిపి ఎనిమిది మంది. జెర్సీ తలమీదుగా తీసి నరహరి చేతిలో పెట్టాడు.

"అరే! ఇన్నేండ్లకు దొరికితివి. మల్ల అటే పోతున్నవా?"

"మీకు నిండుగ ఉన్నరు గదన్నా. ఆళ్లకు ఒగడు తక్కువైండు."

మెండోర బనియను తొడుక్కుని ఎడమ మూలకు నడుస్తుంటే గుండెల్లో చిన్న వెలితి ఉన్న మాట నిజమే. కానీ వేళ్లు ఆ మెత్తటి వండ్రులోకి దిగగానే నడుం దానంతటదే వంగింది.

ఆట అరగంట కూడా సాగలేదు. సగంమందికి దమ్ము చాలక నవ్వులే ఎక్కువయ్యాయి. చివర్లో నరహరి కూతకు వచ్చాడు. పొట్ట ఊగుతున్నా కూత మాత్రం అదే, గొంతులోంచి సన్నగా, తెగకుండా. లింబాద్రి కదల్లేదు. నరహరి అటు చూసి, ఇటు చూసి, ఎప్పటిలాగే బోనస్ గీత దాకా కాలు చాపాడు. లింబాద్రి దూకాడు. మడమ దొరికింది. ఇద్దరూ కలిసి పడ్డారు. నరహరి గుంజాడు, కూత పెడుతూనే నవ్వాడు, నవ్వుతూ కూత పోగొట్టుకున్నాడు.

"ఇడువురా, అయిపోయింది!"

"ఇడుస్త గని, లేవస్తలేదు. మోకాలు పట్టింది."

కుర్రాళ్లు వచ్చి ఇద్దరినీ చెరో చెయ్యి పట్టి లేపారు. ఆట ఆర్మూరే గెలిచింది. అది ఎవరూ పట్టించుకోలేదు. రాజేశ్వర్ ఇంట్లో మధ్యాహ్నం కూర వండారు. నరహరి తన పక్కన చోటు ఉంచి లింబాద్రిని పిలిచాడు.

మర్నాడు మోకాలు గుమ్మడికాయలా వాచింది. లింబాద్రి కుంటుకుంటూనే బాయిలర్‌కు నీళ్లు పట్టి మంట పెట్టాడు. ఆవిరి లేచి కల్లమంతా పచ్చి పసుపు వాసన కమ్ముకుంది. ఆ ఆవిరి అవతల యమున గొంతు వినబడుతోంది. నిన్న రాని ఆడవాళ్లకు చెబుతోంది.

"గా నరహరి పటేలు పులి లెక్క అచ్చిండు. మా ఆయన రాయి లెక్క నిలవడ్డడు. రెప్ప గూడ కొట్టలే. నేను ఊకె పోయి మీద పడుడే అనుకున్న గని, గంత సేపు ఓపిక పట్టాలెనని తెల్వకపాయె నాకు. అటెన్క ఒక్కటే దూకుడు, నలుగురిని ఈడ్సుకపోయెటోణ్ని ఒక్కడే పండవెట్టిండు!"

నరహరి నలుగురిని ఈడ్చే మనిషీ కాదు, పులిలానూ రాలేదు. ఆ మాట సరిచేద్దామని లింబాద్రి నోరు తెరిచాడు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను నోరు మూసుకుని, మంటలో ఇంకో కట్టె వేసి, వింటూ కూర్చున్నాడు.