ఎండలో అబద్ధమాడిన పెట్టె

2022 ఎండాకాలం. అప్పుడు నేను జగిత్యాలలో, వ్యవసాయ మోటార్లకు రేడియో స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో సర్క్యూట్ డిజైనర్‌ని. మా సరుకు కొనేవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో ఉండేవాళ్లే. బావుల దగ్గర సెల్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఇంటి డాబా మీద ఒక పెట్టె, బావి దగ్గర ఒక పెట్టె బిగిస్తాం. దుబాయ్ నుంచి ఫోన్ కొడితే ఇంటి పెట్టె అందుకుని రేడియోలో బావి పెట్టెకు చెబుతుంది, మోటార్ ఆన్ అవుతుంది.

ఆ రేడియోకు గుండెకాయ పీఎల్ఎల్, అంటే ఫేజ్ లాక్డ్ లూప్. రేడియో తరంగాన్ని ఒక కచ్చితమైన క్రిస్టల్‌తో పోల్చుకుంటూ, తేడా వస్తే దిద్దుకుంటూ, సరైన ఫ్రీక్వెన్సీ మీద నిలబెట్టే సర్క్యూట్ అది. నిలబడితే ‘లాక్’ అయిందంటాం. బ్యాటరీ ఆదా కోసం బావి పెట్టె కాసేపే మెలకువగా ఉంటుంది, కాబట్టి ఇంటి పెట్టె త్వరగా లాక్ కావాలి. త్వర పెంచితే లూప్ ఊగుతుంది, ఊగకుండా చేస్తే నెమ్మదిస్తుంది. ఈ తూకం కుదర్చడానికే మాకు జీతాలిచ్చేది. నేను త్వర వైపు మొగ్గాను. లాక్ అయిందని చిప్ మొదటిసారి చెప్పీచెప్పగానే ఆజ్ఞ పంపేసి, యజమాని ఫోన్‌కు ‘మోటార్ ఆన్’ అని మెసేజ్ కొట్టేలా పెట్టాను. ఎంత స్పీడో అని అందరూ మెచ్చుకుంటే కాలర్ ఎగరేశాను కూడా.

ఏప్రిల్‌లో కోరుట్ల పక్క ఊరి నుంచి స్వరూప అనే ఆమె ఫోన్ చేసింది. ఇంట్లో బీడీలు చుడుతూ రెండెకరాల వరి చూసుకుంటుంది. భర్త గంగాధర్ దుబాయ్‌లో పని.

"సార్, మోటర్ నడుస్తలేదు. మడి నెర్రెలు వాసింది. ఆయనకేమో ఫోన్ల ఆనైందనే వస్తున్నదట."

మా టెక్నీషియన్ మర్నాడు పొద్దున్నే వెళ్లి పదిసార్లు ఫోన్ కొట్టి చూశాడు. పదిసార్లూ నడిచింది. తర్వాత గంగాధర్ ఫోన్ చేసి అడిగితే, "మా పెట్టెలో ఏ లోపం లేదు" అని ఠక్కున చెప్పేశాను. నేనైతే ఆ పెట్టె మూత కూడా తీసి చూడలేదు.

పది రోజులకు స్వరూప తనే బస్సెక్కి వర్క్‌షాప్‌కు వచ్చింది. ఎండిన వరి దుబ్బు ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"పెట్టె మంచిగనే ఉన్నదంటిరట సార్. గప్పటి సంది ఆయన నన్ను దొంగను చేస్తున్నడు. నీళ్లు మా తమ్ముని పొలానికి మలుపుతున్ననట. చేత్తోని మోటర్ ఏస్త అంటె, ఇప్పటికే రెండు గంటలు నడిచింది, మల్ల ఏస్తె కాలిపోతది, ముట్టకు అంటున్నడు."

"ఆయన ఫోన్ కొట్టేది ఏ టైంకమ్మా?"

"ఆయన తిండి టైంల. మనకు రెండు అయితది. మొగులైన రోజు నీళ్లు పారినయ్ సార్. ఎండ కొట్టినప్పుడే పారుతలేవు."

"ఈ మాట మా టెక్నీషియన్‌కు చెప్పలేదా?"

"చెప్పిన. నవ్విండు."

నాకు నవ్వు రాలేదు. ఆమె ముందే అలాంటి పెట్టెలోని బోర్డు ఒకటి బల్ల మీద పెట్టి వేడిగాలి పట్టాను. మధ్యాహ్నం డాబా మీద పెట్టె ఎంత కాగుతుందో అంత. ఆసిలోస్కోప్ తెర మీద, నిలబడాల్సిన గీత ఉయ్యాలలా ఊగడం మొదలైంది.

లూప్‌ను కుదురుగా ఉంచే కెపాసిటర్‌లో మంచిరకం ఆ ఏడాది మార్కెట్లో దొరక్క చవకరకం వేశాను. వేడికి దాని విలువ పడిపోతుందని డేటాషీట్‌లో రాసే ఉంది. చదివి, పర్లేదులే అనుకున్నాను. అది పడిపోతే లూప్ ఊగుతుంది. ఊగుతూ సరైన ఫ్రీక్వెన్సీని దాటే ఆ ఒక్క క్షణాన్ని చూసి చిప్ ‘లాక్’ అంది. నా ప్రోగ్రాం నమ్మింది, ఫోన్ నమ్మింది, గంగాధర్ నమ్మాడు. ఆజ్ఞ మాత్రం బావికి చేరలేదు. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

అక్కడి నుంచే గంగాధర్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"తప్పు నాది గంగాధర్. మోటార్ నడవలేదు. ఆమె చెప్పిందంతా నిజం."

"గట్లనా సార్. మీరు చెప్తున్నరంటె నిజమే ఉంటది" అన్నాడు.

స్వరూప లేచి నిలబడింది. "పదిహేను దినాలు కావొస్తున్నది సార్ నేను చెప్పవట్టి" అని, వరి దుబ్బు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ పంటలో సగం తాలే అయింది. అమ్మిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించి మంచి కెపాసిటర్ వేశాం. ఇప్పుడు లాక్ పడినా, అది నిలబడిందో లేదో కాసేపు చూశాకే ఆజ్ఞ పంపుతాం. మోటార్ కరెంటు తీసుకుంటున్నట్టు బావి నుంచి జవాబు వస్తేనే ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. మీ పెట్టె లేటు అని దెప్పేవాళ్లున్నారు, పడతాను. లోపం ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం, లేదని అనేముందు వాళ్లు చెప్పేది చివరిదాకా వింటున్నాను. సర్క్యూట్లు చేయడం మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకు అబ్బిన బుద్ధి.

కొత్త పెట్టె బిగించిన వారానికి గంగాధర్ ఫోన్ చేశాడు.

"సార్, ఆనైందని వచ్చింది. నిజంగనే నడుస్తున్నదా?"

"నన్నెందుకయ్యా, మీ ఇంటామెను అడుగు."

"ఆమె నా ఫోన్ ఎత్తుతలేదు సార్" అన్నాడు.