తబలా దగ్గరి చాప

ఏలూరులో టీ కొట్లవాళ్ళ మీద నాకో ఫిర్యాదుంది. గ్లాసు అంచుదాకా పోస్తారు. కాస్త తగ్గించి పొయ్యమంటే, "ఫర్లేదండీ, తాగండి" అంటారు. తాగడానికి నాకు అభ్యంతరం లేదు. నోటిదాకా వచ్చేసరికి ఎలాగూ ముప్పావు గ్లాసే మిగిలేది.

నాకు స్కిజోఫ్రీనియా. డిగ్రీ అయిన ఏడాది మొదలైంది. అప్పట్లో ఎవరో కనబడకుండా నా తప్పులన్నీ చెవిలో చదువుతుండేవారు. మాత్రలు మొదలెట్టాక ఆ గొంతులు ఆగిపోయాయి. ఇప్పుడా పని బంధువులు చూసుకుంటున్నారు. మాత్రలకు నేను కృతజ్ఞుణ్ణే. కాకపోతే పొద్దున లేస్తే దిండు చొంగతో తడిసి ఉండేది. పాత చొక్కాల బొత్తాలు నన్ను ఒప్పుకోక, తాడేపల్లిగూడెం వెళ్ళి కొత్త కొలతలతో కుట్టించుకున్నాను. ఎక్కడ కూర్చున్నా కాళ్ళు లేచి వెళ్ళిపోదామనేవి. చేతులు వణికేవి.

నా బాధ చేతుల గురించే. కొల్లేరు పక్కన మా ఊరి చర్చిలో తబలా వాయించేది నేను. మా దగ్గర పాటలు ముందే అనుకోరు. ఆరాధన మధ్యలో ఎవరికి తోస్తే వాళ్ళు కూర్చున్నచోటి నుంచే ఎత్తుకుంటారు. వాళ్ళ నడకను మొదటి చరణం అయ్యేలోపు తబలా పట్టుకోవాలి. వణుకుతో అది నావల్ల కాక, చాప తమ్ముడికి వదిలేశాను. వాడికి నేర్పింది నేనే.

తమ్ముడు చేపల చెరువుల దగ్గర మేత బస్తాలు మోస్తాడు. నాకంటే ఎక్కువ తింటాడు, నడుం మాత్రం సన్నం. నోరు మూసుకుని నిద్రపోతాడు. పక్క మంచం మీంచి నేనది చాలాసేపు చూస్తుండేవాణ్ణి. అన్నదమ్ముల ప్రేమ అనుకుని అమ్మ మురిసిపోయేది. ఆదివారం వాడు కళ్ళు మూసుకుని వాయిస్తుంటే, ఒక్క దెబ్బయినా తప్పాలని నేనూ కళ్ళు మూసుకుని కోరుకునేవాణ్ణి. దేవుడు పట్టించుకోలేదు.

చివరికి ఏలూరులో డాక్టరుగారిని అడిగాను. "మాత్రలు మానేస్తే ఏమవుతుందండీ?"

"గొంతులు తిరిగొస్తాయి. చేతులు ఇంతలా వణుకుతుంటే ముందే చెప్పొద్దుటండీ? మాత్ర మార్చి చూద్దాం."

నెమ్మదిగా మార్చారు. లావు ఎక్కడికీ పోలేదు కానీ, కొన్ని నెలలకు చేతులు నిలబడ్డాయి. టీ గ్లాసు మొత్తం తాగాను. ఆ కొట్టతనికి అందులో విశేషమేమీ కనబడలేదు.

తర్వాతి ఆదివారం నేను అడక్కుండానే తమ్ముడు చాప మీంచి లేచాడు.

"కూర్చో అన్నయ్యా."

ఆ మంచితనం కూడా నాకు నచ్చలేదు. అయినా కూర్చున్నాను. కాళ్ళు కదలమనలేదు. ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాను. వెనక బెంచీలో కూర్చుని చేతులతో తాళం వేస్తున్న తమ్ముడు చాలా కాలానికి నాకు ముద్దొచ్చాడు.

ఆరాధన అయ్యాక, మా చర్చిలో ఎక్కువ పాటలెత్తే పెద్దావిడ దగ్గరికొచ్చింది. వరసకు నాకు అత్తయ్య. నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది.

"వణుకు పోయిందత్తయ్యా" అన్నాను. మిగతాది ఆవిడే అంటుందని ఆగాను.

"చూశాను నాన్నా, సంతోషం. వచ్చే వారం మాత్రం తమ్ముణ్ణి కూర్చోనియ్యి. నువ్వు వాయిస్తే మేం నీ వెనకాల పరిగెత్తాలి. జబ్బు రాకముందూ అంతే. వాడైతే మా వెంట వస్తాడు."