ఎదురుకాళ్ల హన్మండ్లు

“కోసి తీసిన పిల్లకు కాళ్లేందిరా, తలేందిరా? కడుపు కోసినంక చేతికి ఏది అందితె గదే ముందు!”

“డాక్టరమ్మ చెప్పింది బాపు. కాళ్లు కిందికున్నయ్, గందుకే ఆపరేషన్ అన్నది. నేను ఆడనే ఉన్న.”

“ఉంటె? గా ముచ్చట ఎవలకు చెప్పినవ్?”

“చెప్పేటోళ్లకు చెప్పిన.”

“నీ నోట్ల మన్నువడ!”

“గంట సేపు నిలవడితె పిల్ల అరిగిపోతదా? నిలవడుతది, ఏడ కాలుతె ఆడ చెప్తది, చాక్లెట్ కొనుక్కోని ఇంటికస్తది. నాడు నిన్ను నిలవెట్టలేదా? సచ్చినవా?”

“సచ్చిన్నో బతికిన్నో నన్నే అడుగుతున్నవారా?”

“గాడ ఏం లేదంటవ్. మరి ఇంతమంది ఊకెనే చెప్తరా? నువ్వైతె తిన్నవ్, తిన్నది ఒప్పుకోవు. ఇప్పుడు నన్ను తిననియ్యవు.”

తరువాత గిన్నె ఏదో గోడకు తగిలి కింద పడిన చప్పుడు.

నేను వాళ్ల గోడ అవతల నిలబడి ఇదంతా విన్నాను. చాటుగా వినాలని కాదు. పొద్దున బండికి స్టాండు వేయబోతే నడుము పట్టేసింది. వంగలేను, నిక్కలేను. నడుము పడితే మా ఊళ్లో ఎవరైనా హన్మండ్లు ఇంటికే వెళ్తారు. పెగడపల్లి దాటాక లోపలికి పోతే వచ్చే ఊరు మాది. పేరు రాయను. ఇందులో మనుషుల పేర్లు కూడా మార్చాను.

శ్రీశైలం బయటికి వచ్చాడు. హన్మండ్లు ఒక్కగానొక్క కొడుకు. మస్కట్ వెళ్లి, అక్కడ కంపెనీ మూతపడితే చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. నన్ను చూసి ఏమీ జరగనట్టే నవ్వాడు.

“నడుమారా దివాకర్? పో, తన్నించుకో. గీ ఇంట్ల ఫిరీగ దొరికేటిది గదొక్కటే.”

బండి తీసుకుని వెళ్లిపోయాడు.

ఎదురుకాళ్లతో పుట్టడమంటే తల కాక కాళ్లు ముందు బయటపడడం. అలా పుట్టిన మనిషి మెల్లగా నడుము మీద తన్నితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. హన్మండ్లు అలా పుట్టినవాడే. గోడ పట్టుకుని నిలబడాలి. ఆయన ఎడమ మడమతో అలా తాకించి తీస్తాడు. ఆ తరువాత మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. నాకూ అలాగే తాకించాడు, కానీ నేను వెళ్లలేదు. అక్కడే అరుగు మీద కూర్చున్నాను. హన్మండ్లు నాకు పెద్దబాపు వరుస. అరవై దాటాయి. తాటిచెట్లు ఎక్కిన మనిషి కాబట్టి ఛాతీ మీద చర్మం ఇప్పటికీ బండబారి ఉంటుంది.

“విన్నవా?” అన్నాడు.

“విన్న పెద్దబాపు.”

“మనుమరాలిని అడుగుతుండ్రు.”

సంగతి ఇది. నిధులు తవ్వే ముఠా ఒకటి శ్రీశైలాన్ని పట్టుకుంది. గట్టు మీది పాత శివాలయంలో తవ్వుతారట. దానికి ఎదురుకాళ్ల మనిషి కావాలట. శ్రీశైలం కూతురు అక్షితకు ఆరేళ్లు. కడుపులో కాళ్లు కిందికి ఉన్నాయని ఆపరేషన్ చేసి తీసిన పిల్ల. తల్లి శ్రీలత రెండో కాన్పుకు కోరుట్లలో తల్లిగారింట్లో ఉంది. ఆమెకు ఇదేమీ తెలియదు. వచ్చే అమావాస్యకు పాపను తీసుకెళ్తానని శ్రీశైలం మాటిచ్చి వచ్చాడు.

ఆ గుడి కథ మా ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. ఎప్పటి రాజో, శత్రువుల దండు వస్తోందని తెలిసి బంగారమంతా లంకెబిందెల్లో నింపాడు. గొలుసుతో ఒకదానికొకటి బిగించిన బిందెలవి. వాటిని గుట్టుగా గుడి నేలలో పాతి, పామును కాపలా పెట్టాడు. ఎదురుకాళ్లవాడు సరిగ్గా ఆ చోట నిలబడితే అరికాళ్లు కాలుతాయి. అక్కడ తవ్వితే బిందెలు గలగలమంటూ వాటంతట అవే పైకి వస్తాయి. రాజు పేరేమిటో ఎవరికీ తెలియదు. పాముకు ఎన్ని తలలో మాత్రం అందరికీ తెలుసు.

ఎనభైల్లో ఒక ఏడాది వానలు ఎగ్గొట్టాయి. బావులు ఎండాయి, చెట్లలో కల్లు తగ్గింది. అప్పుడే ఎక్కడి నుంచో ఒక మంత్రగాడు దిగాడు. ఊరి పెద్దమనుషులే అతనికి అన్నం పెట్టి, గుడి చూపించి, హన్మండ్లును పిలిపించారు. ఆయన అప్పుడు కొత్తగా పెళ్లయిన గీత కార్మికుడు.

“ఎండకాలం, మిట్ట మధ్యాన్నం,” అన్నాడు హన్మండ్లు. “చెప్పులిడువుమన్నరు. నంది ముంగట గా నల్లబండ మీద నిలవెట్టిండ్రు. కాలుతుందా అన్నరు. కాలుతుందన్న. కాలదా మరి?”

“కాలుతలేదంటె అయిపోతుండె గదా.”

“నేను సుత నమ్మిన్రా. నీ కాళ్లు వేరే, నీ కాళ్లు వేరే అని పుట్టిన కాడికెల్లి ఊరంత చెప్తె, కాలేది ఎండనో బంగారమో నాకెట్ల తెలుస్తది?”

తవ్వారు. నంది పక్కకు ఒరిగి మెడ విరిగింది. కింద మట్టి, దాని కింద రాయి. మంత్రగాడు తెల్లవారేసరికి లేడు. పలుగులు పట్టినవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు చేరారు. పొద్దున ఊరంతా గట్టెక్కి చూస్తే గుంతలో తడి మట్టి మీద గుండ్రటి అచ్చు కనబడింది. బిందె అచ్చు.

“గది ఆనందమోళ్ల మంచినీళ్ల బిందె,” అన్నాడు హన్మండ్లు. “నేల గట్టిగుందని నీళ్లు సల్లిండ్రు. బిందె గాడనే వెట్టిండ్రు. అచ్చు వడ్డది. లంకెబిందె లేసిపోయిందన్నరు. ఎవలెత్తుకపోయిండ్రంటె, ఎదురుకాళ్లోడు. ఒక్కటే ఎత్తుకపోయిండట, గొలుసుకున్న మిగిలినయి ఇంక గాడనే ఉన్నయట.”

ఆనందం కూడా పలుగు పట్టినవాళ్లలో ఒకడు. అప్పుడు నోరు విప్పలేదు. ఇప్పుడు గుడి బాగు చేయించే కమిటీకి పెద్ద.

గీత సంఘం హన్మండ్లు చెట్లను తీసి వేరేవాళ్లకు పంచింది. దేవుడి సొమ్ము తిన్నవాడు గీసిన కల్లు ఎల్లమ్మ ముందు సాకగా ధార పోయకూడదట. చెట్టు లేని గీత కార్మికుడికి ఊళ్లో ఏం పని? భార్య లక్ష్మవ్వను తీసుకుని సిరిసిల్ల వెళ్లిపోయాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. సాంచెల షెడ్డులో నూలు చుట్టిన ఇనుప బీములు మోశాడు. రోజంతా నిలబడి సాంచెలు నడిపేవాళ్లకు నడుములు పడుతుంటాయి కదా, అక్కడా తన్నించుకోవడానికి వచ్చేవారు. మా ఊరివాడొకడు బట్ట కొనడానికి పోయి, హన్మండ్లు గడప ముందు మనుషులు వరుసకట్టి ఉండడం చూశాడు. వాళ్లంతా బంగారం కొనడానికి వచ్చారని ఇక్కడికొచ్చి చెప్పాడు.

తరువాత సిరిసిల్లలో షెడ్లు మూతపడ్డాయి. పక్కింటి నేత మనిషి రాజయ్య, రోజూ చాయ్ కలిసి తాగేవాడు, తన సాంచె పక్కనే ఉరేసుకున్నాడు. దించినవాళ్లలో హన్మండ్లు ఉన్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. “గా కాళ్లు పట్టుకున్న,” అని మాత్రం అన్నాడు.

ఆ షెడ్డులోకి మళ్లీ అడుగు పెట్టలేక కోరుట్ల ఏజెంటును పట్టుకుని దుబాయి వెళ్లాడు. ఎండలో సిమెంటు బస్తాలు మోసే పని. అక్కడ ధర ఎక్కువ వస్తుందని బంగారం అమ్మడానికే వెళ్లాడన్నారు ఊళ్లో. కొన్నేళ్లకు తిరిగొచ్చి రెండు గదులకు స్లాబు వేసుకుంటే దానికి లంకెబిందెల ఇల్లని పేరు పెట్టారు. పోస్టుమన్ కూడా అదే గుర్తు అడుగుతూ వచ్చేవాడు. లక్ష్మవ్వ గొంతులో గడ్డ లేచి, కరీంనగర్ దవాఖానాల చుట్టూ తిరిగి తిరిగి చనిపోతే, దినాలకు వచ్చి బువ్వ తిన్నవాళ్లే చేతులు కడుక్కుంటూ “దేవుని సొమ్ము అరుగుతదా?” అన్నారు. బాగుపడితే బంగారం, చెడిపోతే శాపం. ఆ మనిషి మోసిన బరువు గురించి ఒక్కడూ మాట్లాడడు. నేను కూడా చిన్నప్పుడు ఆ ఇంటి గోడలు తట్టి చూసినవాణ్నే, లోపల డొల్లగా మోగుతుందేమోనని. మా ఊళ్లో తట్టని పిల్లవాడు లేడు.

మొన్న శివరాత్రికి ఆనందం మైకు పట్టుకుని, కొత్త నంది చెక్కిస్తున్నాం, తిన్నవాళ్లు తిన్నది తెచ్చి ఇవ్వాలి, దొంగలెవరో ఊరికి తెలుసు అన్నాడు. మరునాడు పొద్దున్నే వంగిపోయి, కర్ర పట్టుకుని ఇదే గోడ దగ్గరికి వచ్చాడు.

“ఏందయ్యా ఆనందం? నిన్న మైకుల దొంగ అంటివి. పొద్దుగాల దొంగ కాలు గావల్సచ్చిందా?”

“మైకు ముచ్చట మైకుకే హన్మండ్లన్నా. ముందుగాల తన్ను.”

“జెర గట్టిగ తన్నాల్నా?”

“నీకు పుణ్యముంటది, మెల్లగ!”

తన్నాడు. తన్ని, “గా బిందె మీదేనని ఒక్కపారన్న మైకుల చెప్పరాదు?” అని అడిగాడు. తన్నించుకున్నాక మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు కదా. ఆనందం నియమం తప్పకుండా వెళ్లిపోయాడు.

ఇది చెప్పి హన్మండ్లు నవ్వబోయాడు. ఇంతలో వాకిట్లో ఆడుకుంటున్న అక్షిత పరుగెత్తుకుంటూ అరుగు ఎక్కింది. చెప్పులు లేవు. ఎండకు వాకిలి గచ్చు పెనంలా ఉంది.

“తాతా, కాళ్లు కాలుతున్నయే!”

“అనకు!” ముసలాయన ఒక్క ఉదుటున లేచాడు. “గట్లనకు బిడ్డా! ఎన్నడనకు!”

పాప బిక్కచచ్చిపోయింది. “బాపు అనుమన్నడు తాతా. బండ మీద నిలవెట్టి, కాలుతుందా అని అడుగుతడట. కాలుతుందంటె సైకిల్ కొనిస్తడట. నేను అంట. నాకు సైకిల్ గావాలె.”

హన్మండ్లు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు అరికాళ్లూ తన అరచేతుల్లో మూసుకున్నాడు.

“కోరుట్ల తోలరాదు పెద్దబాపు, వాళ్లమ్మ కాడికి?” అన్నాను.

“కన్నతండ్రి పోయి తీసుకస్తనంటె ఎవలాపుతరు?”

“పోలీసులకు చెప్దాం.”

“చెప్తె ముందుగాల లోపల వడేది నా కొడుకే. వాడు పిల్లను సంపుకునేటోడు కాదురా, మూర్ఖుడు. వాని ఎన్కనున్నోళ్లు ఎవలో నాకు తెల్వది. ముందుగాల నిలవెడుతమంటరు. ఏం దొరకకపోతె కోడి గావాలెనంటరు. గటెన్క మేక అంటరు. గటెన్క...”

పాప వింటోందని ఆపాడు. ఆమెను లోపలికి పంపి, తలుపు దగ్గరికి వేసి, నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“దివాకరూ, రేపు కల్లు తాగ మండువకు పోతవా?”

“పోత.”

“గాడ ఆనందముంటడు, అందరుంటరు. నువ్వొకటి చెప్పాలె. హన్మండ్లు తాగి ఒప్పుకున్నడని చెప్పు. అన్ని బిందెలు దొరికినయట, మొత్తం అమ్ముకున్నడట, ఒక్క పైస మిగల్లేదట, గుంత వట్టిదట. గట్ల చెప్పు.”

“ఇన్నేండ్లు తినలేదంటివి గదా పెద్దబాపు.”

“ఎవలు నమ్మిండ్రు?”

“మరి నువ్వే చెప్పరాదు?”

“నేను చెప్తె, పిల్లను కాపాడుకుందామని అబద్దమాడుతుండంటరు. నా నోటి మాట గీ ఊరు ఎన్నడు నమ్మింది? నువ్వు చెప్పు. ఒర్రి చెప్పకు, చెవుల చెప్పు. ఎవలకు చెప్పద్దని ఒట్టు వెట్టించుకోని చెప్పు. గట్లయితె మాపటికల్ల మా శ్రీశైలం దాక వస్తది. నీ కాల్మొక్కుత కొడుకా, నేనే తిన్ననని చెప్పు.”