నేను తీసేసిన గుర్తు

ఆ తప్పు నాదని ఆ రోజు చెప్పలేదు.

2007 ప్రాంతంలో పుదుచ్చేరి లాస్‌పేటలోని చిన్న ఆఫీసులో, ఒక కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంను ఇంకో భాషలోకి మార్చే కంపైలర్ తయారుచేసేవాళ్లం. ‘డేట్’ లాంటి పేర్లను ఆ రెండో భాష తనకోసం ఉంచుకుంది. వాడేవాళ్లు తమ ప్రోగ్రాంలో అవే పేర్లు పెట్టుకుంటే, గొడవ రాకుండా ముందు ఒక గుర్తు చేర్చే భాగాన్ని సరోజ రాసింది. అనవసరమనుకుని, ఆమెకు చెప్పకుండా తీసేశాను. మేం పరీక్షించేటప్పుడు ఎ, బి, సి అనే పేర్లే వాడేవాళ్లం గనుక ఏమీ బయటపడలేదు.

తేంగాయితిట్టు రేవులో చేపల వేలం లెక్కలకు ఒక కస్టమర్ రాసుకున్న ప్రోగ్రాంలో ‘డేట్’ అనే పేరుంది. కస్టమర్ ముందు నడిపితే తెర నిండా తప్పులే.

“ఏంది సరోజా, ఆ భాగం రాయనే లేదా?” అన్నాడు మేనేజర్.

“రాసినాను సార్. యాడ పోయిందో తెలీలే.”

“కాళ్లొచ్చి బీచికి పోయిందేమో.”

ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది.

ఈమధ్య ఆ మేనేజర్‌ను వెంటబెట్టుకుని వైతికుప్పంలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆయన ఎదుటే చెప్పాను: “తీసేసింది నేనే సరోజా. నిన్ను పంపించేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. నన్ను క్షమించు.”