తెల్లబడిన గొట్టాలు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ప్రొద్దుటూరు పంపారు. అప్పటికి నేను అణు ఇంధన పరిశోధనాలయంలో సీనియర్ శాస్త్రాధికారిని. జమ్మలమడుగు దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీకి మావాళ్లు పరిశోధన నిధులు ఇచ్చారు. ఆ పని కొనసాగించాలో మూసేయాలో చూసి చెప్పడం నా బాధ్యత. మాది పులివెందుల కాబట్టి ఆ ఎండకు తట్టుకుంటానని పైవాళ్లు అనుకుని ఉంటారు.

రియాక్టరులో వాడే యురేనియం గుళికలను జిర్కోనియం మిశ్రమలోహపు సన్నని గొట్టాల్లో నింపి, రెండు కొనలూ మూసి వెల్డింగు చేస్తారు. ఆ గొట్టాన్నే క్లాడింగు అంటాం. లోపల ఇంధనం, బయట మరిగేంత వేడి నీళ్లు. మధ్యన మిల్లీమీటరు మందం కూడా లేని ఆ గోడ ఒక్కటే అడ్డం. అందుకే కొత్త మిశ్రమం ఏదైనా ముందు ఆటోక్లేవు పరీక్షకు నిలవాలి. దళసరి ఉక్కుతో చేసిన ప్రెషర్ కుక్కరు లాంటిది అది. గొట్టం ముక్కలను నెలల తరబడి అందులో ఆవిరికి వదిలి, మధ్యమధ్య తీసి తూస్తాం. ముక్క మీద నల్లటి నిగనిగలాడే పొర కడితే లోహం నిలిచినట్టు. తెల్లబడి పొడి రాలితే తుప్పు అదుపు తప్పినట్టు.

అక్కడి కొత్త మిశ్రమం ప్రొఫెసర్ గంగిరెడ్డి గారి ఆలోచన. పెద్దముడియం రైతు కుటుంబం ఆయనది. రిటైర్మెంటు దగ్గరపడింది. పరీక్షలు చేసేది ఆయన పరిశోధక విద్యార్థిని సువార్త. జమ్మలమడుగు అమ్మాయి, మిషన్ బడి టీచరు కూతురు. ఆమె పీహెచ్‌డీ మొత్తం ఆ మిశ్రమం మీదే.

నేను వెళ్లిన వారంలోనే ఆటోక్లేవు తెరిచారు. సువార్త మూత విప్పి, ముక్కలు వేలాడదీసిన చట్రాన్ని పైకి తీసింది. కొత్త మిశ్రమం ముక్కలన్నీ తెల్లబడి ఉన్నాయి.

"నీళ్లల్లోనే ఉండాది దోషం," అన్నారు గంగిరెడ్డి గారు. "మన జిల్లా నీళ్లల్లో ఫ్లోరైడు శానా కద. వడపోతలో యాడో జారింటాది."

ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. ఫ్లోరైడు ఏ కాస్త మిగిలినా జిర్కోనియాన్ని పాడుచేస్తుంది. అయితే పోల్చి చూడడానికి అదే చట్రానికి ఇప్పటికే రియాక్టర్లలో వాడుతున్న పాత రకం గొట్టం ముక్కలు కూడా కట్టి ఉన్నాయి.

సువార్త వాటిని చూపించి మెల్లగా అంది: "పాతవి నల్లగానే ఉండాయి కద సార్. నీళ్లు చెడిపోయింటే ఇవీ చెడిపోవల్ల."

మళ్లీ పరీక్ష పెట్టమని నేనే చెప్పాను. కొత్త ముక్కలు, మా పరిశోధనాలయం నుంచి తెప్పించిన శుద్ధజలం. ఈసారి నా ఎదుటే మూత బిగించారు. వానలు మొదలయ్యాక తిరిగి వెళ్లి తెరిపించాను. పాతవి నల్లగా, కొత్తవి తెల్లగా.

గంగిరెడ్డి గారు స్టూలు మీద కూలబడ్డారు. "ఇంగ రాసేయప్పా, మూసేయమని," అన్నారు.

నేను బయటికి వస్తుంటే సువార్త వరండాలోకి వచ్చింది. "ఎందుకు తెల్లబడిందో నేను కనుక్కుంటా సార్. ఇంగొక్క ఏడాది ఇప్పీయండి. అదే నా థీసిస్ అయితాది."

ఆమె అడిగింది న్యాయం. మిశ్రమం పనికిరాదని, కారణం తేల్చడానికి మాత్రం ఏడాది గడువు ఇవ్వాలని నివేదికలో రాశాను. నిధులు మంజూరు చేసే మా కమిటీ మొదటిది ఒప్పుకుని రెండోది తోసిపుచ్చింది. ప్రాజెక్టు మూస్తే అందులోంచి సువార్తకు నెలనెలా వచ్చే ఫెలోషిప్పు కూడా ఆగుతుంది; అది నిబంధన. ఆటోక్లేవును వేరే చోటికి తరలించారు. గంగిరెడ్డి గారు రిటైరయ్యాక, విఫలమైన మిశ్రమం మీద పని నడిపించడానికి ఇంకే గైడూ ముందుకు రాలేదు.

కొన్నేళ్లకు ఎర్రగుంట్ల స్టేషనులో సువార్త కనిపించింది. "చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేస్తాండా సార్," అంది. పీహెచ్‌డీ సంగతి నేను అడగలేదు. రైలు వస్తుండగా ఆమే అడిగింది: "అది ఎందుకు తెల్లబడిందో ఎవరన్నా కనుక్కున్న్యారా సార్?"

లేదన్నాను. తలూపి బండెక్కింది.

ఈ రోజుకీ ఆ కారణం ఎవరికీ తెలియదు. పరీక్షలో తప్పిన లోహాన్ని పక్కన పెట్టడం మా పనిలో మామూలే. ఎందుకు తప్పిందో తేల్చకుండా పక్కన పెడితే మాత్రం, ఇంకోచోట ఇంకెవరో అదే మిశ్రమం కలిపి, అన్నేళ్లూ మళ్లీ ఖర్చు చేస్తారు. ఆ ప్రాజెక్టు నుంచి నేను నేర్చుకున్నది ఇదే.